మా ఆవిడ పాటపెట్టెలు

ఆ సాయంత్రం మా ఆవిడ చేసిన ఆఖరి పని తీగలు అతికించే సోల్డరింగ్ ఐరన్ మొన తుడవడం. తడిపిన స్పాంజి ముక్క మీద అటొకసారి, ఇటొకసారి రాసింది. చుయ్యిమని కాస్త ఆవిరి లేచింది. ప్లగ్గు పీకి, ఐరన్‌ని దాని స్టాండులో పెట్టి, అది చల్లారేదాకా పక్కనే చిన్న పీట మీద కూర్చుంది. వేడి మీద వైరు చుట్టేస్తే ప్లాస్టిక్ కరుగుతుంది, చుట్టకుండా లేచిపోతే ఎవరో ఒకరు కాలు తగిలిస్తారు. ఆ ఎవరో ఒకరు నేనే. మా ఇంట్లో మూడో మనిషి లేడు.

అంతకు పది నిమిషాల ముందు నన్ను పిలిచింది.

"ఏమండీ, ఒకసారి వచ్చి వింటారా?"

నేను వంటింట్లో ప్రూఫులు దిద్దుకుంటున్నాను. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, ముందుగదిలోకి వెళ్లి, కుర్చీలో కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడ్డాను. పాట మోగుతోంది. అరనిమిషం విన్నాను.

"బాగుంది" అన్నాను.

"పైది వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది."

"ఇంకొంచెం పెంచనా?"

"పెంచు" అని, వంటింట్లోకి వచ్చేశాను.

మర్నాడు పొద్దున ఏడింటికి ఫ్యాక్టరీ బస్సు కోసం నిలబడి ఉండగా, పక్కనున్న ఆవిడ భుజం మీద తల వాల్చిందట. అలిసిపోయింది, కునుకు పట్టిందేమోలే అనుకుని ఆవిడ కదలకుండా నిలబడిందట. బస్సు వచ్చి, అందరూ ఎక్కుతుంటే గానీ సంగతి తెలియలేదు. తలలో నరం చిట్లిందన్నారు. యాభై మూడేళ్లు మా ఆవిడకి.

పాతికేళ్లకు పైగా ఆవిడ కడుతూ వచ్చిన ఆ పాటపెట్టెలు ఇప్పటికీ ముందుగదిలో రెండు మూలలా నిలబడి ఉన్నాయి. నా నడుం దాకా వస్తాయి. ఆవిడకి వాటితో కావలసింది ఒక్కటే. పాట పెడితే, ఎదురుగా కుర్చీ వేసుకుని ఎవరో కూర్చుని పాడుతున్నట్టు ఉండాలి. కళ్లు మూసుకుంటే గదిలో మనిషి ఉన్నట్టు ఉండాలి. అలా ఉందో లేదో చెప్పడానికి పక్కన మరొకరు కావాలి. కట్టినవాళ్లకి వాళ్లు కట్టింది బాగానే వినిపిస్తుంది, అందుకని పరాయి చెవి ఉండాలి అనేది. ఆ పరాయి చెవి నేను.

మా ఆవిడ పని తీగ చుట్టడం. ట్రాన్స్‌ఫార్మర్లు తయారు చేసే ఫ్యాక్టరీలో వైండింగ్ విభాగం. పంతొమ్మిదో ఏట చేరింది, మళ్లీ ఇంకో చోటికి మారలేదు. వెంట్రుకంత సన్నని రాగితీగని ఒక బాబిన్ మీద పక్కపక్కనే, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా చుట్టాలి. ఒక వరస అయ్యాక పల్చటి కాగితం వెయ్యాలి, మళ్లీ ఇంకో వరస. ఇన్ని చుట్లు అని లెక్క ఉంటుంది. ఒక్క చుట్టు ఎక్కువైనా తక్కువైనా అవతల కరెంటు తేడా వస్తుంది. మిషన్‌కి చుట్లు లెక్కపెట్టే మీటరు ఉంది. మా ఆవిడ దాన్ని నమ్మేది కాదు. "అది కునుకు తీస్తుందండీ, నేను తియ్యను" అనేది. నోట్లోనే లెక్కపెట్టుకునేది. ఫ్యాక్టరీలో అందరూ తీగక్క అనేవాళ్లు.

లెక్కలో ఉన్న మనిషిని పలకరించకూడదు. ఇది నాకు పెళ్లైన కొత్తలో తెలియలేదు. ఇంట్లో ఏదో చుడుతోంది, పెదాలు కదులుతున్నాయి.

"టీ తాగుతావా?" అన్నాను.

"నాలుగు వందల పన్నెండు" అంది.

అని, చేతిలో బాబిన్ ఒళ్లో పెట్టుకుని నావైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. నాలుగు వందల పన్నెండా, పదమూడా అన్నది నా మూలంగా పోయింది. మొత్తం విప్పి మళ్లీ మొదటినుంచి చుట్టింది. టీ మాత్రం తాగింది. ఆ తర్వాత మా ఇంట్లో ఒక పద్ధతి వచ్చింది. లెక్కలో ఉంటే చూపుడువేలు పైకెత్తుతుంది. వేలు దిగేదాకా ఇల్లు తగలబడుతున్నా చెప్పకూడదు.

వైండింగ్ హాలుకీ, రేకులు కొట్టే షెడ్డుకీ మధ్య ఒక్క ఇనపరేకు గోడ. ట్రాన్స్‌ఫార్మర్ గుండెలో పెట్టే రేకుల్ని అక్కడ పెద్ద ప్రెస్సు కింద పెట్టి కోస్తారు. నేనొకసారి కండువాలో మూటగట్టి భోజనం డబ్బా ఇవ్వడానికి వెళ్లాను. ఆ దెబ్బ ఒక్కోటి అరికాళ్లలోంచి పళ్లలోకి ఎక్కింది. ఆ గోడ పక్కన వరసగా ఎనిమిది టేబుళ్లు. మా ఆవిడది రెండోది. వాళ్లు ఒకరితో ఒకరు పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్లు. ఇంటికొచ్చాక మొదటి అరగంట అరిచినట్టు మాట్లాడేది. "అంత దూరం వెళ్లలేదోయ్, ఇక్కడే ఉన్నాను" అనేవాణ్ణి. నవ్వి గొంతు తగ్గించేది.

మొదలైంది ఒక రేడియోతో. మేం అద్దెకున్న గదిలో నా పాత రేడియో ఒకటి ఉండేది. దాంట్లో ఎవరు పాడినా జలుబు చేసినట్టే వినిపించేది. ఒక ఆదివారం మా ఆవిడ దాన్ని విప్పింది. లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌ని కాసేపు తిప్పి చూసి, "ఎవరు చుట్టారో గానీ, ఆ చేతులకి చీపురు ఇవ్వాలి" అంది. ఫ్యాక్టరీలో పనికిరావని పక్కన పడేసిన రేకుల్లోంచి కొన్ని అడిగి తెచ్చుకుని, ఇంట్లోనే కొత్తది చుట్టింది. ఆంప్లిఫయర్ బోర్డు ఒకటి కిట్టుగా కొనుక్కొచ్చి, కాగితంలో ఉన్న బొమ్మ చూసి ఒక్కొక్క ముక్కా అతికించింది. స్పీకరుకి పెట్టె లేదు. మట్టికుండ ఒకటి తెచ్చి, దాని మూతి మీద స్పీకరు బోర్లించింది.

"ఎలా ఉంది?" అంది.

"బావిలోంచి ఎవరో ముసలాయన పిలుస్తున్నట్టుంది" అన్నాను.

ఆవిడ కోపగించుకోలేదు. సంతోషపడింది. ఆ మాట పట్టుకుని కుండలో పాత దూది కూరింది. బావి పోయింది, ముసలాయన మిగిలాడు. ఇంకా కూరింది. ముసలాయన కూడా పోయాడు, గొంతు నీరసపడింది. కొంచెం తీసింది. అలా నాలుగు ఆదివారాలు. నేను కుర్చీలో కూర్చుని నోటికొచ్చినట్టు చెప్పేవాణ్ణి, ఆవిడ నా మాటల్లోంచి ఏం చెయ్యాలో ఏరుకునేది. నాకు సంగీతం రాదు, కరెంటు గురించి అసలే రాదు. "రానివాళ్ల మాటే కావాలి, వచ్చినవాళ్లు పుస్తకంలో ఉన్నది చెప్తారు" అనేది.

అవి మంచి ఏళ్లు. నేను నిజం చెప్పిన ఏళ్లు.

పెట్టెలు చేసింది మా బావమరిది. ఆవిడ తమ్ముడు, వడ్రంగి. పెట్టె లోపల ఎంత ఖాళీ ఉంటే కింది స్వరం అంత నిండుగా వస్తుందని ఆవిడ ఎక్కడో చదివింది. అందుకని ప్రతి రెండు మూడేళ్లకీ పెట్టెలు పెరిగాయి. మొదటివి గూట్లో పట్టాయి. రెండోవి కిటికీ కింద పట్టాయి. మూడో జత కొలతలు చూసి వాడు పెన్సిలు చెవిలో పెట్టుకుని కూర్చున్నాడు.

"అక్కా, ఇది స్పీకరా, బీరువానా?"

"చెప్పింది చెయ్యరా."

"చేస్తాలే. బావకి మంచం ఎక్కడ వేస్తావు? దీంట్లోనే పడుకోబెడతావా?"

"మీ బావ పడుకుంటే గాలి ఆడదు. బోలుగా ఉండాలి."

"తల వరకూ బోలేగా" అన్నాడు వాడు, నావైపు చూసి.

నేను నవ్వాను. ఆ పెట్టెలు మోసుకుని మెట్లెక్కడంలో నా బొటనవేలి గోరు ఊడింది. వాటిని గది మూలల్లో పెట్టాక మేం ఇద్దరం ఒకరి వెనక ఒకరం తప్ప పక్కపక్కన నడవలేకపోయాం.

ఆంప్లిఫయర్‌లో హమ్ అని ఒకటి ఉంటుంది. పాటేమీ లేకుండా ఊరికే ఆన్ చేస్తే, లోతుగా, తుమ్మెద డబ్బాలో చిక్కుకున్నట్టు ఒక మోత. మా ఆవిడకి అది పడేది కాదు. పాట మొదలయ్యే ముందు ఏమీ ఉండకూడదు, తెల్లకాగితం లాగా ఉండాలి అనేది. ఒక ఆదివారం మధ్యాహ్నం అంతా ట్రాన్స్‌ఫార్మర్‌ని రెండు చేతులా పట్టుకుని, ఇటు అంగుళం అటు అంగుళం తిప్పుతూ కూర్చుంది. అది తిరిగిన దిక్కుని బట్టి మోత తగ్గుతుందట.

"ఇప్పుడు?"

"నాకసలు మోతే లేదు."

"ఉందండీ. అదుగో."

"నాకు పక్కింటి కుక్క తప్ప ఏమీ వినపడట్లేదు."

"ఇప్పుడు... ఆగండి... పోయింది." అక్కడే పెన్సిలుతో గీత గీసి, స్క్రూలు బిగించింది. నేను చెవి పెట్టెకి ఆనించి విన్నా తేడా తెలియలేదు. పాముచెవులు నీవి అన్నాను. ఆ తర్వాత ఎవరు ఇంటికొచ్చినా అదే చెప్పేవాణ్ణి. మా ఆవిడవి పాముచెవులు.

నేను అలిసిపోవడం ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. నేను పనిచేసే అచ్చాఫీసులో నలుగురం ప్రూఫులు చూసేవాళ్లం. ఇద్దర్ని పంపించేశారు. ఆ ఇద్దరి పనీ మా ఇద్దరి మీద పడింది. పగలంతా చదివి, మిగిలినవి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి. సాయంత్రానికి కళ్లలో ఇసుక పోసినట్టుండేది. పాట అంటే ఇష్టం పోయి కాదు. ఏ శబ్దమైనా ఇంకొకరు ఇంకో పని చెప్తున్నట్టు అనిపించేది.

ఆవిడ మాత్రం అలిసిపోలేదా? వేళ్ల కణుపులు వాచి ఉండేవి. భుజం పట్టేసేది. బస్సులో గంటసేపు నిలబడి వచ్చి, చెప్పులు విడిచి, గోడకి ఆనుకుని రెండు నిమిషాలు అలాగే ఉండిపోయేది. తర్వాత మొహం కడుక్కుని ఆ పీట మీద కూర్చునేది. ఆ పీట మీద కూర్చున్నప్పుడే ఆవిడ వీపు నిటారుగా ఉండేది.

మొదటి అబద్ధం మాత్రం గుర్తుంది. మూడు వారాలు కష్టపడి స్పీకర్లలోకి వెళ్లే కాయిళ్లు మళ్లీ చుట్టింది. వేలు ఎత్తిపెట్టి, లెక్క తప్పకుండా. ఆదివారం భోజనాలయ్యాక పిలిచింది. నేను మంచం మీద వాలి ఉన్నాను, లేచి వెళ్లాను. పాట పెట్టింది. నిజానికి గొంతు కాస్త వెనక్కి పోయింది, ముందున్నదే నయం. ఆ మాట అంటే అవన్నీ విప్పుతుంది. నన్ను మళ్లీ పిలుస్తుంది. మూడు వారాల శ్రమ ఆవిడ మొహంలో కనబడుతోంది, నా నిద్ర నా కళ్లలో.

"చాలా బాగుంది" అన్నాను.

"నిజంగా?"

"నిజంగా. చాలా తేడా ఉంది."

ఆవిడ కుర్చీ చేతిమీద తట్టి, "నాకూ ఏదో తేడా అనిపించింది గానీ, మంచికో చెడ్డకో తేల్చుకోలేకపోయాను. మీరన్నారంటే సరే" అంది. నేను వెళ్లి పడుకున్నాను. మంచి నిద్ర పట్టింది.

ఆ తర్వాత సులువైపోయింది. బాగాలేదంటే ఇరవై నిమిషాలు. బాగుందంటే అరనిమిషం. పైగా బాగుంది అన్నందుకు నన్ను నేను మంచి మొగుడి కిందే లెక్క వేసుకున్నాను. భార్య ఇష్టంగా చేసుకునే పనికి అడ్డు చెప్పని మనిషిని కదా.

కొన్నాళ్లకి ఆవిడ అడిగే తీరు మారింది. అంతకు ముందు "ఎలా ఉంది?" అని అడిగేది, నన్ను వాగనిచ్చేది. ఇప్పుడు ప్రశ్నలు పెట్టేది. "తాళాల చప్పుడు విడివిడిగా ఉందా, ముద్దగా ఉందా?" "విడివిడిగా ఉంది." "పాడే ఆవిడ మాట చివర 'స' అంటోంది కదా, అది తెలుస్తోందా?" "తెలుస్తోంది." "పైది వినిపిస్తోందా?" "వినిపిస్తోంది." "ఇంకొంచెం పెంచనా?" "పెంచు." వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. పెంచు అంటే అయిపోతుంది.

పైది అంటే సన్న శబ్దాలు. ప్రతి పెట్టెలోనూ పైన అరచేతిలో పట్టే చిన్న స్పీకరు ఒకటి ఉంటుంది. ట్వీటర్ అంటారు. తాళాలు, గజ్జెలు, తీగవాద్యాల మెరుపు, అన్నీ అదే పలుకుతుంది. దాని ముందు ఒక రెసిస్టరు ఉంటుంది, కుళాయి లాంటిది. అది పెట్టే అడ్డు తగ్గిస్తూ పోతే చిన్న స్పీకరు గొంతు పెరుగుతూ పోతుంది. నేను పెంచు అన్నప్పుడల్లా మా ఆవిడ ఆ కుళాయి కొంచెం విప్పింది. ఓసారి ఆ చిన్న స్పీకర్లు కూడా మార్చి, ఇంకా చురుకైనవి తెచ్చింది. బాగున్నాయన్నాను.

బాగాలేవు. ఆ సంగతి నాకు తెలుసు. పాట పెడితే పళ్లు జివ్వుమనేవి. రేకు మీద మేకుతో గీసినట్టు. అందుకే ముందుగదిలో ఉండే నా బల్లని వంటింట్లోకి మార్చుకున్నాను. వెలుతురు బాగుంటుందని చెప్పాను. వంటింటి కిటికీ గోడవైపు తెరుచుకుంటుంది, అక్కడ పగలు కూడా లైటు వేసుకోవాలి. ఆవిడ బల్ల కాళ్లు పట్టుకుని తనూ సాయం మోసింది.

మా బావమరిది ఒకసారి వచ్చి కాసేపు విని, మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"బావా, అక్క పెట్టెలో కీచురాయి గానీ దూరిందా?"

"ఊరుకోరా."

"నిజంగా బావా. నాకే చెవిలో పొడిచినట్టుంది. రంపం మిషన్ దగ్గర పని చేసేవాణ్ణి నేను. చెప్పనా అక్కకి?"

"నువ్వేం చెప్పకు. పాపం నెలరోజులు కూర్చుని చేసుకుంది. ఆవిడకి అలా ఇష్టం."

"ఇష్టమైతే సరే" అని వెళ్లిపోయాడు. ఇంక ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. అప్పట్లో నేను ఆవిడ మనసు కష్టపెట్టకుండా కాపాడాననే అనుకున్నాను.

ఆ రోజుల్లో ఆవిడ పాట వినేటప్పుడు పెట్టె పక్కన నేల మీద కూర్చుని, చెక్క మీద అరచెయ్యి పెట్టి వినేది. కళ్లు మూసుకునేది. పెంచుకున్న గేదె మీద చెయ్యి వేసినట్టు ఉందే అని ఎగతాళి చేశాను. "పాలు కూడా ఇస్తే ఇంకేం కావాలి" అంది కళ్లు తెరవకుండానే. నేను వంటింట్లోంచి ఏదైనా అడిగితే "ఏంటీ?" అనేది, రెండోసారి చెప్తే మళ్లీ "ఏంటీ?" అనేది. ఆ పాటల ధ్యాసలో పడి నా మాట చెవికెక్కించుకోవట్లేదని లోపల కొంచెం ఉక్రోషం. మూడోసారి చెప్పేవాణ్ణి కాదు.

తన స్నేహితుల్ని ఎప్పుడూ పిలవలేదు. ఫ్యాక్టరీలో ఎవరైనా నీ పెట్టెలు చూపించవా అంటే, ఇంకా అవ్వలేదు, అయ్యాక పిలుస్తా అనేదట. ఎప్పటికవుతుంది అని నేనొకసారి అడిగాను.

"మీరు కుర్చీలోంచి లేవకుండా ఒక పాట మొత్తం వింటారు చూడండి, ఆ రోజు అయినట్టు" అంది.

మామూలుగానే అంది. నిష్ఠూరం లేదు. నేను రేపు వింటానులే అన్నాను.

పోయాక జనం వచ్చారు, వెళ్లారు. చేసేవన్నీ చేశాం. మా బావమరిది పదిహేను రోజులు నాతోనే ఉన్నాడు. వెళ్లే ముందు పెట్టెల మీద దుమ్ము తుడిచి, "వీటినేం చేద్దాం బావా?" అన్నాడు. ఉండనీ అన్నాను. వాడు ఒక పెట్టె అంచు మీద, రెండు చెక్కలు కలిసే చోట వేలితో రాసి చూశాడు. అతుకు ఎక్కడుందో తెలియకుండా చేశాడు వాడు. "ఇదే నేను చేసిన మంచి పని" అని, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఇంకో నెల గడిచింది. ఒక సాయంత్రం ప్రూఫులు లేవు. కుర్చీ లాక్కుని, దానికోసం ఆవిడ నేల మీద గీత గీసి ఉంచిన చోట వేసుకుని, ఆన్ చేశాను. పాట లేకుండా కాసేపు ఉంచాను. హమ్ లేదు. తెల్లకాగితమే. తర్వాత ఒక పాట పెట్టి, లేవకుండా, మొదటినుంచి చివరిదాకా విన్నాను.

కింది సగం గురించి ముందు చెప్పాలి. ఆ పాడే మనిషి ఛాతీలోంచి వచ్చే గొంతు, ఊపిరి, వెనక లోతుగా మోగే వాద్యం, అవన్నీ గదిలోనే ఉన్నాయి. నాకు నాలుగడుగుల దూరంలో ఒక మనిషి కూర్చుని ఉన్నట్టే ఉంది. పాతికేళ్లుగా ఆవిడ చెప్తున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. పై సగం మాత్రం భరించలేకపోయాను. ప్రతి 'స' గుండుసూదిలా గుచ్చుకుంది. తాళాలు పడ్డప్పుడల్లా కళ్లు మూతపడ్డాయి. ఒకే పాటలో మనిషి ఎదురుగా కూర్చుని పాడుతున్నాడు, ఆ మనిషి నెత్తి మీద ఎవరో గాజుపెంకులు పోస్తున్నారు.

ఇంత పనిమంతురాలు దీన్ని ఇలా ఎందుకు వదిలేసిందా అని ఆలోచించాను. ఒక చుట్టు తేడా వస్తే మొత్తం విప్పే మనిషి. చివరికి, ఆవిడకి నిజంగానే అలా ఇష్టమేమో అనుకున్నాను. బావమరిదితో నేనన్న మాటే నాకు సమాధానంగా దొరికింది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం ఫ్యాక్టరీ నుంచి ఒకావిడ వచ్చింది. ప్యాకింగ్ విభాగంలో పని. ముంజేతికి ఎప్పుడూ టేపు చుట్ట ఒకటి గాజులా ఉంటుందట, అందుకని అక్కడ టేపమ్మ అంటారట. మా ఆవిడ కంటే చిన్నది, అక్కా అని పిలిచేది. మొదట్లో ఇద్దరూ పక్కపక్క టేబుళ్లలో తీగ చుట్టారు. మా ఆవిడ లాకరులో ఉన్నవి ఒక అట్టపెట్టెలో సర్ది తెచ్చింది. ఒక కళ్లజోడు, చిన్న కత్తెర, పిడి విరిగిన టీ కప్పు, జుట్టుకి కట్టుకునే గుడ్డ.

"కప్పు పారేద్దామనుకున్నాను బావగారూ. మళ్లీ మీకేమైనా గుర్తుంటుందేమోనని."

"ఉండనీ అమ్మా."

కాసేపు అదీ ఇదీ మాట్లాడింది. రెండో నంబరు టేబుల్ దగ్గర ఇప్పుడు కొత్తమ్మాయిని కూర్చోబెట్టారంది. ఆ అమ్మాయి మీటరు చూసే చుడుతుందంది. తర్వాత పెట్టెల వైపు చూసింది.

"ఇవేనా? ఇంతున్నాయేంటి. అక్క చేతులతో ఇంత పొడుగు చూపిస్తే కోతలు కోస్తోందనుకునేవాళ్లం. ఒకసారి వినిపిస్తారా? అయ్యాక పిలుస్తా, అయ్యాక పిలుస్తా అని పిలవనే లేదు."

కుర్చీలో కూర్చోమన్నాను. పాట పెట్టాను. మొదట్లో మొహం విచ్చుకుంది. తాళాలు రాగానే ముడుచుకుంది. మర్యాద కోసం ఇంకాస్సేపు ఓపిక పట్టి, చివరికి చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

"తగ్గించండి బావగారూ. ఏమీ అనుకోకండి, మరీ ఇంత కీచుగా పెట్టుకున్నారేంటి? ఎలా వింటున్నారు?"

"నేను పెట్టలేదమ్మా. మీ అక్క పెట్టుకున్నదే. ఆవిడకలా ఇష్టం."

"అక్కకా? అక్కకి ఆ పైవి వినపడవు కదా."

నేను పాట ఆపాను. టేపమ్మ నా మొహం చూసి సర్దుకుంది.

"మీకు చెప్పలేదా?"

"ఏం చెప్పలేదు?"

"ఫ్యాక్టరీలో చెవుల పరీక్ష చేశారు కదండీ, ఆరేళ్ల కిందట. ఆ ప్రెస్సు గోడ పక్క కూర్చునే ఎనిమిది మందికీ. నేను ముందే ప్యాకింగ్‌కి వెళ్లిపోయాను కాబట్టి బతికిపోయాను. అక్కది అందరికంటే ఎక్కువ పోయిందన్నారు. లోతుగా ఉండే మోతలు బాగానే వినపడతాయట, దగ్గరుంటే మాటలూ వినపడతాయట. సన్నవి బొత్తిగా వినపడవు. ఇంట్లో చెప్తే పని మానెయ్యమంటారు, చెప్పొద్దు అంది."

అట్టపెట్టె మూత తెరిచే ఉంది. దాన్ని మూశాను.

"నేనే అడిగాను ఓసారి, భోజనాల దగ్గర" అంది టేపమ్మ. "సగం వినపడకుండా ఆ పాటపెట్టెలు ఎలా కడుతున్నావక్కా అని. కింది సగం నేను చూసుకుంటాను, పై సగం మా ఆయన చెప్తారు, ఆయన ఎంత పెంచమంటే అంతే పెంచుతున్నాను అంది."